పద్దులో లేని సెల్లు

మూడో షిఫ్టు దిగినంక
నెత్తిమీది దీపాలు నా కిటికీ కాడికొస్తయి.
ఒక్కొక్కటి అందుకొని, నెంబరు చూసి
దాని అరల దాన్ని కూసోబెడ్త.
నూటపదిహేడు పోశాలుది. నూటపద్దెనిమిది అంకూసుది.
అద్దం మీద బొగ్గుపొడి, తీగ మీద చెమట.
పెట్టంగనే ఎర్ర చుక్క, పొద్దుగూకే యాళ్లకు పచ్చ చుక్క.
గోదావరిఖనిల ఇరవై రెండేండ్ల సంది
నా కొలువు గింతే:
అలిసిపోయొచ్చినదానికి బువ్వ పెట్టి పండబెట్టుడు.

ఇంట్ల గడియారం ఆగి నాలుగొద్దులు.
"మూడొందల దీపాలకు కరెంటు తాపుతవు,
ఒక్క సెల్లు తేనీకి చాతగాదు" అన్నది సారమ్మ.

పౌరుషమొచ్చింది.
లక్ష్మీనగర్ దుకాణపాయన అడిగిండు:
"వాడి పారేసేదా, మల్ల నింపుకునేదా?"
ఎర్రది పదిహేను రూపాలు.
తెల్లయి నాలుగు, చార్జరుతోని ఆరొందలు.
నేనెవన్ని? దీపాల గదోన్ని.
తెల్లయే తెచ్చిన.
"వెయ్యిసార్లు నింపొచ్చు" అని చెప్పిన.
"అందాక ఈ గోడ ఉంటదా?" అన్నది.

రెండు నెలలకే గడియారం మల్ల ఆగింది.

నింపుకునే సెల్లుకు ఒక గుణం.
పనిలేక కూసున్నా లోలోపల కారిపోతది,
చెమ్మగిల్లే కుండ తీరు.
గడియారమా, చుక్క చుక్క తాగే ముసలవ్వ.
దానికీ దీనికీ పొత్తు కుదరలే.
తెల్లదానికి గట్టి పని కావాలె,
పిల్లగాని ఆటకారు, కరెంటు పోయిన రాత్రి టార్చిలైటు.
ఆడ చూడాలె దాని నిక్కచ్చి!
చివరిదాక ఒక్క తీరుగ ఎలిగి
చెప్పకుండ టక్కున ఆరిపోతది.

ఎర్రది అట్లగాదు.
మొదట్ల మస్తు హుషారు.
ఎన్క పసుపు, ఆ ఎన్క గోధుమ రంగు.
ఆరిపోయే ముందు వారం రోజులు చెప్తది.
ఎవలు పట్టించుకోకున్నా చెప్తది.

సారమ్మది ఏరియా దవాఖానల ఊడ్చే పని.
ఏడేండ్లల్ల ముగ్గురు కాంట్రాక్టర్లు.
టెండరు మారినప్పుడల్లా కొత్త కార్డు, పాత జీతం.
ఆ నెల
కూరల ఉప్పు తప్పింది రెండుసార్లు.
చీకటి పడ్డా లైటు ఎయ్యకుండ గడపల కూసున్నది.
చీపురు కట్ట ఇంటికి తెచ్చి మూలకు నిలబెట్టింది.
నేను ఆగిన గడియారం దిక్కే చూసుకుంట
చార్జరు తీగ సర్దుకుంట ఉన్న.

వారమైనంక తనే ఎర్ర సెల్లు కొనుక్కొచ్చింది.
స్టూలెక్కి, గడియారం దించి, సెల్లేసి
గనుల సైరన్ కూసేదాక చేతుల పట్టుకొని నిలబడ్డది.
కూయంగనే ముల్లు తిప్పి కలిపింది.
"కొత్త టెండర్ల నలుగురి పేర్లు లెవ్వు" అన్నది
గోడకే చెప్పినట్టు.
"నాది రెండోది."

సల్లవడ్డ సెల్లులను సారమ్మ పారెయ్యది.
ఎండల పెడ్తది, పంటితోని కొరుకుతది,
రేడియోల ఏస్తే వార్తల్ల సగం ఇనొస్తది.
చిన్నప్పుడు మంథని కాడ వాళ్లూర్ల
రాయితోని పగలగొట్టి, లోపలి నల్లపుల్ల తీసి
బడి గోడమీద రాసేదట.
"ఇండ్ల గూడ బొగ్గే ఉంటది, నీకెర్కనా?"
ఇరవై రెండేండ్లల్ల నాకు ఎర్క లేదు.

ఇప్పుడైతే పగలగొట్టది.
తెల్లపొడి కక్కుతున్నయి, మనుమరాలు ముట్టుకుంటదని
హార్లిక్స్ సీసల ఏసి మూత పెట్టింది.
"మీ కాడ సచ్చిన దీపాలను ఏంజేస్తరు?"
నెంబరు రాసుకుంటం. సంతకం తీసుకుంటం.
స్టోరుకు తోలుతం. ఆడికెల్లి కంపెనీకి పోతయి.
"గట్లనే ఇయ్యి గూడ ఇయ్యరాదు."

సీస సంకల పెట్టుకొని స్టోరుకు పోయిన.
స్టోర్ గుమాస్తా సీస పైకెత్తి ఆడిచ్చిండు,
రిజిస్టరు తిరిగేసిండు, నవ్విండు.
"ఓదన్నా, ఇంటి సెల్లులకు మా కాడ పద్దు లేదే."

సీస మల్ల ఇంటికే తెచ్చిన.
సారమ్మ ఏమనలే.
అందుకొని, తుడిచి,
తన పాత కార్డుల పక్కపొంటి పెట్టింది.